థామస్ ఉల్‌స్రూడ్ మ్యాచ్‌లు చూస్తూ కర్లింగ్ నేర్చుకోవడం ఎలా

ఓస్లో పక్కనే ఉన్న బేరుమ్‌లో, ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నేను రాత్రి డ్యూటీలు చేస్తాను. మాది బొబ్బిలి. 2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ జరిగినప్పుడు అక్కడి పొద్దుటి మ్యాచ్‌లు మాకు రాత్రి ఒంటిగంటకు మొదలయ్యేవి. మా వార్డులో ఒక పెద్దాయన ఆ వేళకు తనంతట తాను లేచి కూర్చునేవారు. నలభై ఏళ్లు క్లబ్బులో కర్లింగ్ ఆడిన మనిషి. టీవీ పెట్టమని సైగ చేసేవారు.

మొదటి రాత్రి నాకు కనిపించింది ఇంతే: ఒకతను మంచు మీద రాయిని జారవిడుస్తాడు, ఇద్దరు దాని ముందు తుడుచుకుంటూ పరిగెడతారు, ఇంకొకతను అవతలి కొసన నిలబడి అరుస్తుంటాడు. నా కళ్లు రాయి వెంటే పోయాయి. కొత్తగా చూసేవాళ్లందరి కళ్లూ అలాగే పోతాయి. పెద్దాయన నా చెయ్యి తట్టి, ముందు రాయి సంగతి వదిలెయ్, ఆ అవతలివాడు చీపురు ఎక్కడ పెట్టాడో చూడు అన్నారు. ఆ అవతలివాడు థామస్ ఉల్‌స్రూడ్. వయసు 46. నార్వే జట్టుకు స్కిప్, అంటే జట్టును నడిపించే నాయకుడు. అది ఆయనకు మూడో ఒలింపిక్స్, ఆఖరిది కూడా.

ఈ ఆట దిద్దుకోవడానికి ఉల్‌స్రూడ్ కెరీర్ కంటే మంచి పలక నాకు దొరకలేదు. అందులో పెద్ద గెలుపులున్నాయి, గుండె పిండేసే ఓటములున్నాయి, ఏళ్ల తరబడి అవే నాలుగు ముఖాలున్నాయి. ఆయన జట్టు ఆడిన పెద్ద మ్యాచ్‌లు ఒలింపిక్స్ వారి, ప్రపంచ కర్లింగ్ సంఘం వారి యూట్యూబ్ ఛానళ్లలో వెతుక్కోవచ్చు. వాటిని ఏ వరసలో చూడాలో, ఒక్కొక్క దాంట్లో దేనిమీద కన్ను వెయ్యాలో చెబుతాను.

ముందు బల్ల తెలియాలి. క్యారమ్స్ ఆడిన చెయ్యి అయితే సగం పని అయిపోయినట్టే. ఇక్కడి బల్ల సుమారు 45 మీటర్ల పొడవు, 5 మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు ఉన్న మంచు దారి. రెండు కొసల్లోనూ ఒకదాంట్లో ఒకటిగా వలయాలు ఉంటాయి. దాన్ని హౌస్ అంటారు, అడ్డంగా కొలిస్తే 3.66 మీటర్లు. నట్టనడుమ చుక్క పేరు బటన్. హౌస్ నడుమ నుంచి 6.4 మీటర్ల ముందు అడ్డంగా ఒక మందపాటి గీత ఉంటుంది, అది హాగ్ లైన్. విసిరేవాడు తన వైపు హాగ్ లైన్ చేరేలోగా రాయిని వదిలెయ్యాలి. ఆ రాయి అవతలి హాగ్ లైన్ దాటకపోతే తీసి పక్కన పెట్టేస్తారు.

రాయి గ్రానైట్. బరువు గరిష్ఠంగా 19.96 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాకు ఐదు కిలోలు తక్కువ. ఒలింపిక్స్‌లో వాడే రాళ్ల గ్రానైట్ స్కాట్లండ్ తీరంలోని ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి నుంచి వస్తుంది. రాయి అడుగున గిన్నెలాగా లోతుగా ఉంటుంది. మంచుకు తగిలేది సన్నటి వలయం ఒక్కటే.

మంచు నున్నగా ఉంటుందనుకుంటే పొరపాటే. మ్యాచ్‌కు ముందు ఒక మనిషి వీపుకు నీళ్ల డబ్బా తగిలించుకుని, మన వాకిట్లో కళ్లాపి చల్లినట్టు, వెనక్కి నడుస్తూ సన్నటి తుంపర చల్లుతాడు. ఆ చుక్కలు గడ్డకట్టి బొడిపెలవుతాయి. రాయి ఆ బొడిపెల మీద నడుస్తుంది. వదిలేటప్పుడు పిడిని కొంచెం తిప్పితే అది దారిలో మెల్లగా రెండు మూడు చుట్లు తిరిగి, చివరికొచ్చేసరికి వంపు తిరుగుతుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే కుడికి వంగుతుంది. గాజు గ్లాసును బోర్లించి, తిప్పుతూ బల్ల మీద జారిస్తే ఎడమకు పోతుంది, రాయి మాత్రం దానికి ఎదురు పోతుంది. ఇది ఎందుకన్నదానిమీద భౌతికశాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. చూసేవాళ్లకు కావలసింది ఒక్కటే: విసిరిన చెయ్యి పిడిని ఏ వైపు తిప్పిందో చూడండి, రాయి ఆ వైపే వంగుతుంది.

ఇక లెక్క. జట్టుకు నలుగురు, ఒక్కొక్కరికి రెండు రాళ్లు. రెండు జట్లవీ కలిపి పదహారు రాళ్లు పడితే ఒక ఎండ్. ఒలింపిక్ పురుషుల మ్యాచ్‌లో పది ఎండ్‌లు. ఎండ్ ముగిశాక బటన్‌కు అతి దగ్గర రాయి ఎవరిదో వాళ్లకే మార్కులు, ఎదుటివాడి అతి దగ్గర రాయి కంటే లోపల ఎన్ని ఉంటే అన్ని. రెండో జట్టుకు సున్నా. ఆఖరి రాయి విసిరే హక్కును హ్యామర్ అంటారు. మార్కు కొట్టిన జట్టు తర్వాతి ఎండ్‌లో హ్యామర్ వదులుకుంటుంది. ఎవరికీ మార్కు రాకపోతే హ్యామర్ ఉన్నచోటే ఉంటుంది. నాకు ఎక్కువ తికమక పెట్టింది ఇదే. హ్యామర్ చేతిలో పెట్టుకుని ఒక్క మార్కు తెచ్చుకోవడాన్ని ఆటగాళ్లు సంపాదన కింద లెక్కెయ్యరు. రెండు కావాలి. రెండు రావనిపిస్తే హౌస్‌లో ఏమీ మిగలకుండా ఊడ్చేసి, సున్నాతో సరిపెట్టుకుని, హ్యామర్ దాచుకుంటారు. చేతికొచ్చిన మార్కును వదిలేశాడేమిటని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ముందు హ్యామర్ ఎవరిదో చూసుకోండి.

పెద్దాయన ఇవన్నీ మాటలతో చెప్పలేదు. మందుల ట్రే తీసుకుని, దానిమీద సీసా మూతలు పేర్చేవారు. ఎర్రవి నార్వే, పసుపువి ఎదుటివాళ్లు. చేతులు వణికేవి, కానీ మూత పెట్టిన చోటు తప్పేది కాదు. మీరూ అలాగే చెయ్యండి. కాగితం మీద వలయాలు గీసి, ఎనిమిదేసి మూతలు పెట్టుకుని, తెర మీద ఒక్కో రాయి ఆగగానే మూత కదపండి. మూడు ఎండ్‌లు అలా కదిపితే చాలు, కామెంటరీ అర్థం కాని భాషలో ఉన్నా ఆట అర్థమవుతుంది.

ఇప్పుడు చీపురు. అసలు పాఠం ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

స్కిప్ అవతలి హౌస్‌లో నిలబడి మంచుకు చీపురు ఆనిస్తాడు. రాయి ఆగాల్సిన చోటు అదనుకున్నాను నేను. కాదు, విసిరేవాడు గురిపెట్టాల్సిన చోటు అది. రాయి ఆ చీపురు వైపు బయల్దేరి, చివర్లో వంగి ఇంకెక్కడికో చేరుతుంది. చీపురుకూ రాయి చేరాల్సిన చోటుకూ మధ్య ఉన్న దూరమే ఆ రోజు మంచు మీద స్కిప్ అంచనా. అది ఒక్కోసారి మీటరు దాటుతుంది. ఉల్‌స్రూడ్ మ్యాచ్‌లో ముందు చీపురుతో మంచును తట్టి, రాయి ఆగాల్సిన చోటు చూపిస్తాడు. తర్వాత పక్కకు జరిగి గురి పెడతాడు. ఒక చెయ్యి చాచి తిప్పుడు ఎటో చెబుతాడు. ఈ మూడూ జరిగే వేళకు వీడియో ఆపెయ్యండి. రాయి ఎక్కడ ఆగుతుందో ట్రే మీద మూత పెట్టండి. తర్వాత నడిపించండి. మొదటి రోజు పదిలో రెండు సరిపోతే గొప్ప. నాకు అయిదు సరిపోవడానికి ఒక చలికాలం పట్టింది.

ఉల్‌స్రూడ్ జట్టులో ఆఖరి రెండు రాళ్లూ ఆయనే విసిరేవాడు. ఆయన విసరడానికి ఇవతలికి వచ్చినప్పుడు హౌస్‌లో చీపురు పట్టేది మూడో ఆటగాడు టోర్గెర్ నెర్గోర్. ముందు రాళ్లు విసిరేది హోవార్ వాడ్ పెటర్సన్, తర్వాత క్రిస్టోఫర్ స్వే. ఈ ఇద్దరే ఎక్కువగా తుడిచేదీ. చీపురు ఒరిపిడికి మంచు పైపొర కాస్త వేడెక్కి, రాయి రెండు మూడు మీటర్లు ఎక్కువ దూరం పోతుంది, వంపు ఆలస్యమవుతుంది. అందుకే తుడవడం మొదలుపెట్టిన క్షణం ముఖ్యం. వదిలిన వెంటనే గట్టిగా తుడుస్తున్నారంటే రాయి బలం తక్కువై పోతోందని. చివర్లో మాత్రమే తుడుస్తున్నారంటే వంపును ఆపుతున్నారని. స్కిప్ ఆ కొస నుంచి అరిచేది వంపు గురించి, తుడిచేవాళ్లు తిరిగి అరిచేది బలం గురించి. బలం వాళ్లకే తెలుస్తుంది, రాయి పోయే దారి స్కిప్‌కే కనిపిస్తుంది. నలుగురిలో ఎవరికీ మొత్తం రాయి కనిపించదు. ఈ మాట అర్థమైన రోజు నుంచి ఆ అరుపులు నాకు గోలలా వినిపించడం మానేశాయి.

మ్యాచ్‌ల వరస ఇది.

మొదట 2002 సాల్ట్ లేక్ సిటీ ఫైనల్ చూడండి. అందులో ఉల్‌స్రూడ్ లేడు. అయినా కథ అక్కడే మొదలు. నార్వే స్కిప్ పోల్ ట్రుల్సెన్, ఎదురుగా కెనడా కెవిన్ మార్టిన్. ఆఖరి ఎండ్‌లో హ్యామర్ కెనడాది. మార్టిన్ ఆఖరి రాయి కొంచెం ఎక్కువ బలంతో వెళ్లి దాటిపోయింది. నార్వే 6-5తో బంగారం పట్టుకెళ్లింది. ఈ ఒక్క రాయిని నాలుగైదుసార్లు చూస్తే బలం అనే మాటకు అర్థం తెలుస్తుంది. ఆ రోజు నార్వే జట్టులో అయిదో మనిషిగా, ప్రత్యామ్నాయ ఆటగాడిగా ఉన్నది ఈ నెర్గోరే.

తర్వాత 2010 వాంకూవర్ ఫైనల్. ఉల్‌స్రూడ్‌కు అప్పటికి 38. 2008లోనూ 2009లోనూ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యాలు తెచ్చుకున్నా, అది ఆయనకు మొదటి ఒలింపిక్స్. ఆలస్యంగా పూచిన చెట్టు. ఎదురుగా మళ్లీ మార్టిన్, ఈసారి సొంత గడ్డ మీద, ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చినవాడు. కెనడా 6-3తో గెలిచింది, నార్వేకు వెండి. మధ్యలో ప్రేక్షకులు తమ జాతీయ గీతం ఎత్తుకుంటారు. అప్పుడు నార్వే వాళ్లను చూడండి, తొందరపడరు. ఈ జట్టును గుర్తుపట్టడం మీకు చాలా తేలిక: ఎరుపు, తెలుపు, నీలం గళ్లు వేసిన ప్యాంట్లు. స్వే ఎక్కడో గోల్ఫ్ బట్టల కంపెనీ దగ్గర చూసి తెప్పించాడు. జెండా రంగులు కదా అని వేసుకున్నారు. ప్రపంచం మొత్తం ఆ ప్యాంట్ల గురించే మాట్లాడింది. నాకైతే ఆ ప్యాంట్ల వల్ల జనం ఆట దాకా వచ్చారన్నదే సంతోషం.

ఈ మ్యాచ్‌లో మీ అభ్యాసం: మార్టిన్ జట్టు ఎప్పుడు ఎదురు రాళ్లను కొట్టి తీసేస్తోందో, ఎప్పుడు హౌస్ ముందు అడ్డుగా కాపలా రాళ్లు పెడుతోందో రాసుకోండి. ముందంజలో ఉన్నవాడు హౌస్‌ను ఖాళీగా ఉంచాలని చూస్తాడు. వెనకబడినవాడు రాళ్లు పేర్చి చిక్కు చెయ్యాలని చూస్తాడు. ముందు పడిన కాపలా రాళ్లను ఎదుటి జట్టు వెంటనే బయటికి కొట్టకూడదనే నియమం ఒకటుంది. ఈ పాత మ్యాచ్‌లలో అది మొదటి నాలుగు రాళ్ల దాకా ఉండేది, 2018 తర్వాత అయిదుకు పెంచారు. కొత్త మ్యాచ్‌లు చూసి పాతవి చూస్తే ఇక్కడే తేడా కొడుతుంది.

మూడోది 2014 సోచి ఒలింపిక్స్ టైబ్రేక్, అంటే సెమీఫైనల్‌కు ఎవరు పోవాలో తేల్చే మ్యాచ్, బ్రిటన్ మీద. ఇది చూడటం కష్టం, కానీ దాటెయ్యకండి. ఆఖరి ఎండ్‌కు నార్వే 5-4తో ముందుంది. ఆఖరి రాయి బ్రిటన్ స్కిప్ డేవిడ్ మర్డాక్ చేతిలో ఉంది. నిదానంగా ఒక్క మార్కు తీసుకుంటే స్కోరు సమమై అదనపు ఎండ్‌కు పోవచ్చు. ఆయన రెండు మార్కుల కోసం తెగించి కొట్టాడు, తగిలింది. 6-5. నార్వే అయిదో స్థానంతో ఇంటికి. ఆ రాయికి ముందు వీడియో ఆపి, మీరే మర్డాక్ అయితే ఏం చేస్తారో ట్రే మీద పెట్టి చూడండి. మా పెద్దాయన అదనపు ఎండ్‌కే పోయేవాణ్ణన్నారు. నేనూ అంతే అన్నాను. రాయి తగిలాక ఉల్‌స్రూడ్ చెయ్యి చాచి ఎదుటివాళ్లతో కరచాలనం చేస్తాడు. ఈ ఆటలో ఓడిపోతున్నామని తేలితే మిగిలిన ఎండ్‌లు ఆడకుండా చెయ్యి కలిపి ఒప్పుకోవడం మర్యాద. తన చీపురు పొరపాటున కదిలే రాయికి తగిలితే తానే చెప్పుకోవడం కూడా.

నాలుగోది అదే ఏడాది ఏప్రిల్‌లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. సోచి జరిగి రెండు నెలలు కూడా కాలేదు. అవే నాలుగు ముఖాలు. ఎదురుగా ఆస్కార్ ఎరిక్సన్ స్కిప్‌గా స్వీడన్. నార్వే 8-3తో గెలిచింది. పురుషుల్లో నార్వేకు ప్రపంచ టైటిల్ 1988 తర్వాత మళ్లీ అప్పుడే, అంటే 26 ఏళ్లకు. ఉల్‌స్రూడ్‌కు 42. యూరోపియన్ టైటిళ్లు 2010లో, 2011లో వచ్చాయి, కానీ ప్రపంచ టైటిల్ ఈ ఒక్కటే. మరుసటి ఏడాది హాలిఫాక్స్ ఫైనల్‌లో స్వీడన్‌కే చెందిన నిక్లాస్ ఎడీన్ చేతిలో ఓడి వెండి తీసుకున్నారు. సోచి, బీజింగ్ మ్యాచ్‌లను ఒకే వారంలో చూడండి. రెండింట్లోనూ ఉల్‌స్రూడ్ రాయి వదిలే తీరు మాత్రమే పక్కపక్కన పెట్టుకుని చూడండి. నాకు తేడా కనిపించలేదు. దానికోసమే ఇంత దూరం వచ్చి చూడమంటున్నాను.

ఈ నాలుగూ అయ్యాక ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. రాయి ఇవతలి హాగ్ లైన్ దాటగానే నొక్కండి, అవతలి హాగ్ లైన్ దాటగానే ఆపండి. హౌస్‌లో ఆగాల్సిన రాయి మంచి మంచు మీద సుమారు 14 సెకన్లు తీసుకుంటుంది. ఎదుటి రాయిని కొట్టి తీసెయ్యడానికి వెళ్లేది పదిలోపే దాటుతుంది. సెకన్లు ఎక్కువైతే బలం తక్కువ. ముందు రెండు ఎండ్‌లలో ఒక్కో రాయి కాలం రాసుకుంటే మంచు నెమ్మదా, వేగమా తెలిసిపోతుంది. ఆట సాగేకొద్దీ బొడిపెలు అరిగి ఆ అంకె మారుతుంది. స్కిప్ గురి ఎందుకు మార్చుకున్నాడో అప్పుడు మీకూ ముందే తెలుస్తుంది.

మంచు మీద కాలు పెట్టే అవకాశం ఉన్నవాళ్లకు కొన్ని మాటలు. నార్వేలో, స్వీడన్‌లో, కెనడాలో ఉంటున్న మనవాళ్లకు ఇది అందుబాటులోనే ఉంది. క్లబ్బుల్లో కొత్తవాళ్ల కోసం వేరే గంటలుంటాయి, రాయి, చీపురు అక్కడే ఇస్తారు. ఉల్‌స్రూడ్ క్లబ్ స్నారోయెన్ కూడా ఈ బేరుమ్‌లోదే. సాగే ప్యాంటు, పలచటి చేతితొడుగులు, అడుగు శుభ్రంగా ఉన్న బూట్లు తీసుకెళ్లండి. బయట మట్టి, ఇసుక తొక్కిన బూట్లతో మంచు మీదికి వెళ్లొద్దు, ఒక్క రేణువు చాలు రాయిని పక్కకు తిప్పడానికి. తలకు హెల్మెట్ పెట్టుకోండి, పడితే వెనక్కే పడతాం.

కుడిచేతివాటం వాళ్లు కుడి పాదాన్ని మంచులో బిగించిన హ్యాక్ అనే రబ్బరు ఆనికకు ఆనించాలి. ఎడమ బూటు కింద జారుడు పలక ఉంటుంది. కూర్చుని, నడుము కొంచెం లేపి, రాయిని కాస్త వెనక్కి లాగి, కుడి కాలితో నెట్టుకుని ముందుకు జారాలి. బలం కాలిది, చేతిది కాదు. మొదటి రోజు నేను భారమంతా రాయి మీద వేశాను. రాయి వదలగానే మోకాలు మంచుకు కొట్టుకుని రెండు వారాలు డ్యూటీలో మెట్లెక్కలేకపోయాను. మా శిక్షకురాలు రాయి లేకుండా పదిసార్లు జారమంది. ఎడమ పాదం సరిగ్గా గుండె కిందికి వచ్చేదాకా రాయి ఇవ్వలేదు. మీరూ ముందు ఖాళీగానే జారండి. ఆ తర్వాత రాయి పట్టుకుని, పిడిని గడియారంలో పదో అంకె దగ్గరో రెండో అంకె దగ్గరో పెట్టి, వదిలేటప్పుడు పన్నెండుకు తేవాలి. అంతే తిప్పుడు. రాయిని ఎప్పుడూ పైకి ఎత్తొద్దు.

జంటగా నేర్చుకునేవాళ్లుంటే మిక్స్‌డ్ డబుల్స్ ఉంది: ఎనిమిది ఎండ్‌లు, జట్టుకు ఎండ్‌కు అయిదు రాళ్లు, ఇద్దరే మనుషులు. నార్వే జంట క్రిస్టిన్ స్కాస్లీన్, మాగ్నుస్ నెద్రెగొట్టెన్ 2018లో కాంస్య పోరులో ఓడారు. తర్వాత ఎదుటి జట్టు ఆటగాడు డోపింగ్ పరీక్షలో దొరకడంతో ఆ పతకం వీళ్లకొచ్చింది. 2022 బీజింగ్‌లో వెండి గెలిచారు. అక్కడే నెర్గోర్ కూడా ఉన్నాడు, 2002 నుంచి వరసగా ఆరో ఒలింపిక్స్.

ఉల్‌స్రూడ్ ఆ 2022 మే 24న క్యాన్సర్‌తో పోయాడు. యాభై ఏళ్లు. మా పెద్దాయన అంతకుముందు శరదృతువులోనే వెళ్లిపోయారు, ఈ కబురు ఆయనకు నేను చెప్పాల్సిన పని పడలేదు. ట్రే వార్డులోనే ఉంది, మూతలు నేను ఇంటికి తెచ్చుకున్నాను. 2014 బీజింగ్ ఫైనల్‌ను ఆ మూతలతో మొదటి రాయి నుంచి ఆఖరి కరచాలనం దాకా ఒక ఆదివారం పేర్చాను. మీకు ఒక్క రాత్రే తీరిక ఉంటే దానితోనే మొదలుపెట్టండి. మొదటి రాయికి ఉల్‌స్రూడ్ చీపురు పెట్టగానే వీడియో ఆపి, మీ ఎర్ర మూత ఎక్కడ ఉంచుతారో చూసుకోండి.